ముప్ఫై మేడలు చూసిన మనిషి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, పిల్లలకు పనికొచ్చేలా ఏదైనా ఒక వృత్తి గురించి మాట్లాడమన్నారు. వైద్యం గురించి డాక్టరు గారు చెప్పారు. సాఫ్ట్‌వేరు గురించి చెప్పడానికి మనలో కనీసం నలభై మంది ఉన్నారు. నేను రోడ్ల ఇంజనీరుని. రోడ్ల గురించి మొదలుపెడితే మీరు భోజనాలకు లేస్తారని నాకు తెలుసు. అందుకని నా వృత్తికి ఇరుగుపొరుగు లాంటి వృత్తి ఒకటి ఎంచుకున్నాను. పెద్ద స్టూడియోల మీద ఆధారపడకుండా సొంతంగా సినిమాలు తీస్తూ, వాటికి కావలసిన చోట్లు తానే తిరిగి వెతుక్కునే మనిషి వృత్తి అది. మనందరికీ పేరు తెలిసినవాడైతే బాగుంటుందని సత్యజిత్ రాయ్‌ని తీసుకున్నాను.

ఇంజనీరుకు ఇందులో పనేమిటంటారా? రోడ్డు వెయ్యాలంటే ముందు మేం చేసేది రికనైసెన్స్ సర్వే. యంత్రాలు దించక ముందు, కొలతలు మొదలు పెట్టక ముందు, ఊరికే నడిచి చూడటం. సినిమా వాళ్ళు కూడా షూటింగ్‌కి ముందు ఇదే పని చేస్తారు. దాన్ని వాళ్ళు రెక్కీ అంటారు. రెండూ ఒక్క మాటే. మేం మడత బల్ల మీద మ్యాపు పరుచుకుంటాం, వాళ్ళు కెమెరా మెడలో వేసుకుంటారు, అంతే తేడా. ఇవాళ ఉపగ్రహం తీసిన ఫొటోలో ప్రతి కల్వర్టూ కనిపిస్తుంది. అయినా వాగు దగ్గరికి వెళ్ళి, అక్కడ మేకలు కాసే పెద్దాయనను "తాతా, పెద్ద వరదకు నీళ్ళు ఎందాకా వచ్చినయ్?" అని అడక్కుండా వంతెన ఎత్తు తేల్చం. ఆయన చేత్తో తుమ్మచెట్టు మీద ఒక గుర్తు చూపిస్తాడు. మా లెక్కలన్నీ ఆ గుర్తుకు సరిచూసుకుంటాం. రాయ్ ఎలా పని చేశారో చదువుతున్నప్పుడు నాకు ఆ తుమ్మచెట్టే గుర్తొచ్చింది.

రాయ్ 1921లో కలకత్తాలో పుట్టారు. తాత ఉపేంద్రకిశోర్, తండ్రి సుకుమార్, ఇద్దరూ పిల్లల కోసం రాసి, బొమ్మలు వేసి, సొంతంగా అచ్చు వేసిన వాళ్ళు. తండ్రి పోయేనాటికి ఈయనకు రెండేళ్ళు. అర్థశాస్త్రం చదివి, శాంతినికేతన్‌లో కొంతకాలం చిత్రకళ నేర్చుకుని, 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరారు. జీతం నెలకు 80 రూపాయలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. సినిమా వైపు వెళ్తానన్న కుర్రాడి ముందు మనం రాయ్ పేరు ఎత్తినప్పుడల్లా ఆస్కారు సంగతి చెప్తాం గానీ ఈ 80 రూపాయల సంగతి చెప్పం. పథేర్ పాంచాలీ తీస్తున్నంత కాలమూ ఆయన ఆ ఉద్యోగంలోనే ఉన్నారు.

ఆ రోజుల్లోనే ఒక ప్రచురణ సంస్థకు పుస్తకాల అట్టలు వేసి పెట్టేవారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ నవల పథేర్ పాంచాలీకి పిల్లల కోసం చేసిన సంక్షిప్త ప్రతి ఒకటి చేతికొచ్చింది. దానికి బొమ్మలు వేస్తుంటేనే ఇది సినిమాగా తీయొచ్చునన్న ఆలోచన పడింది.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ కలకత్తా వచ్చారు. "ది రివర్" అనే సినిమాకు చోట్లు చూసుకోవడానికి వచ్చారాయన. రాయ్ వెళ్ళి పరిచయం చేసుకుని, సెలవు రోజుల్లో ఆయన వెంట పల్లెలు తిరిగారు. అంటే రాయ్ సినిమా వృత్తిలో మొదటి పాఠం ఇంకొకరి సినిమాకు లొకేషన్లు చూడటంతో మొదలైంది. పుట్టి పెరిగిన నేల మీద తోవ చూపించడానికి వెళ్ళినవాడు, పరాయి దేశస్థుడి కంటితో ఆ నేలను కొత్తగా చూశాడు. రెన్వార్ ఒకచోట ఆగి ఒక అరటి గుబురునూ దాని మొదట్లో ఉన్న పచ్చటి కుంటనూ చూపించి, ఇదే బెంగాల్ అన్నారని రాయ్ ఆ తర్వాత రాశారు. అన్నీ చూపించక్కర్లేదు, ఆ చోటుకు మాత్రమే చెందినది ఏదో పట్టుకోవాలి. ఎంచుకోవడమంటే అదీ.

ఆ ఒక్క సినిమా చుట్టూ తిరిగిన వాళ్ళలోంచే రాయ్‌కి మనుషులు కూడా దొరికారు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా ఆ సినిమాకు సహాయకుడిగా పని చేసినవాడు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా ఆ షూటింగ్‌ను పక్కన నిలబడి చూసిన కుర్రాడు. పథేర్ పాంచాలీ మొదలయ్యేనాటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు, అప్పటికి సినిమా కెమెరా తిప్పింది లేదు.

1950లో కంపెనీ రాయ్‌ని లండన్ పంపింది. అక్కడున్న ఆర్నెల్లలోపు వంద దాకా సినిమాలు చూశారట. అందులో ఇటలీ సినిమా "బైసికిల్ థీవ్స్" ఒకటి. వీధుల్లో, మామూలు మనుషులతో, సెట్లు లేకుండా తీశారు. అలా తీయవచ్చునని ఆయనకు ధైర్యం వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఓడలోనే నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు.

ఇక చోట్ల సంగతి. నవలలో ఊరి పేరు నిశ్చిందిపూర్. సినిమాలో అది కలకత్తా దక్షిణ శివార్లలోని బోడాల్ అనే పల్లె. శిథిలమైన ఇల్లు ఒకటి అద్దెకు తీసుకుని, బన్సీ నెల రోజుల పాటు దాన్ని బాగు చేసి, బాగు చేసినట్టు కనపడకుండా చేశారు. కూలిపోతున్నట్టు కనిపించే గోడ షూటింగ్ అయ్యేదాకా కూలకుండా నిలబడాలి కదా. సివిల్ వాళ్ళం ఎవరిమైనా ఆ పనికి టోపీ తీయాల్సిందే.

అక్కాతమ్ముళ్ళు దుర్గా, అపూ రెల్లు పొదల మధ్య పరిగెత్తుకుంటూ వెళ్ళి జీవితంలో మొదటిసారి రైలు చూస్తారు, గుర్తుందా? అది బోడాల్ కాదు. బర్ద్వాన్ జిల్లాలో పాల్సిట్ దగ్గరి మైదానం. సినిమాలో పిల్లలు ఇంటి వెనక దారి పట్టుకుని నడిచి వెళ్ళినట్టే ఉంటుంది. రెండు చోట్ల మధ్య ఉన్న దూరమంతా ఒక్క కత్తిరింపులో దాటించారు. భూసేకరణ లేదు, నష్టపరిహారం లేదు. ఇంత చౌకగా రోడ్డు వెయ్యడం మా శాఖకు ఎప్పటికీ చేతకాదు.

మొదటి షూటింగ్ 1952 అక్టోబరు 27న, ఆ రెల్లు మైదానంలోనే. ఆఫీసుకు సెలవు రోజున వెళ్ళి సగం సన్నివేశం తీశారు. మిగతా సగానికి మరుసటి వారం వెళితే పూలు లేవు! పశువులొచ్చి మొత్తం మేసేశాయి. రెల్లు మళ్ళీ పూసేదాకా ఆగాల్సిందే. పూసింది మరుసటి ఏడు. ఇక్కడ చాలామంది "ఎంత పట్టుదల" అని మెచ్చుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి కనిపిస్తుంది. చోటు అంటే స్థలం ఒక్కటే కాదు, కాలం కూడా. ఫలానా మైదానం అని కాదు, ఫలానా మైదానం ఆశ్వయుజంలో, ఫలానా గంటలో. మేం కూడా వాగును ఎండాకాలంలో చూసి ఊరుకోం, వానాకాలంలో ఇంకోసారి వెళ్తాం. ఈ రెండోసారి వెళ్ళడం అనేది అంచనాల్లో ఎవరూ రాయరు. పై అధికారులు దాన్ని దండగ ఖర్చు అంటారు.

రెండోసారి వెళ్ళినప్పుడు రైలు వేళలు ముందే తెలుసుకుని, తెల్లటి రెల్లు పూల వెనక నల్లటి పొగ కనిపించాలని, తమ మనిషిని ఒకణ్ణి ముందు స్టేషన్లోనే ఇంజన్‌లోకి ఎక్కించారట, సరిగ్గా ఆ చోటికి రాగానే బొగ్గు వేయించడానికి. మనం చూసేది రెండు క్షణాల పొగ.

డబ్బు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే సభలో తల్లిదండ్రులున్నారు. నిర్మాతలు ఎవరూ ముందుకు రాలేదు. ఆయన బీమా పాలసీ మీద డబ్బు తెచ్చారు, పుస్తకాలూ గ్రామఫోను రికార్డులూ అమ్మారు, భార్య బిజొయా గారి నగలు తాకట్టు పెట్టారు. అయిపోయింది. షూటింగ్ నెలల తరబడి ఆగింది. ఆ మధ్యలో మిఠాయివాడి వేషం వేసిన మనిషి చనిపోయాడు. ఆ సన్నివేశంలో మిఠాయివాడు కావడి భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే పిల్లలిద్దరూ, వాళ్ళ వెనక కుక్కా పోతుంటాయి. సగం ముందే తీశారు. మిగతా సగానికి అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకో మనిషిని తెచ్చి వీపు వైపు నుంచి తీశారు. కుక్క కూడా చచ్చిపోతే ఇంకో కుక్కను వెతికారు. ఈసారి సినిమా చూసేటప్పుడు ఎక్కడ మారారో కనిపెట్టండి చూద్దాం. ఇంత ఆలస్యమైనా అపూ గొంతు మారకపోవడం, దుర్గ ఎదిగిపోకపోవడం, ఎనభై ఏళ్ళ చునీబాలా దేవి బతికి ఉండటం మూడు అద్భుతాలని రాయ్ స్వయంగా అనేవారు.

చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పూనుకున్నారు. సినిమాలకు డబ్బిచ్చే పద్దు ప్రభుత్వంలో లేదు. పథేర్ పాంచాలీ అంటే దారి పాట కదా, రోడ్ల అభివృద్ధి పద్దు కింద ఇచ్చారని ప్రసిద్ధి. రోడ్ల బడ్జెట్‌లోంచి పోయిన డబ్బు గురించి మీరు చాలా విని ఉంటారు. ఇది మాత్రం మా శాఖ వాళ్ళందరం గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే ఆ ఒప్పందం ప్రకారం సినిమా రాబడి ప్రభుత్వానిదే. ప్రపంచమంతా ఆడిన ఆ సినిమా దర్శకుడి ఇంటికి పెద్దగా ఏమీ తేలేదు.

ఈలోగా 1954లో ఇంకో దర్శకుడు లొకేషన్లు చూడటానికి ఇండియా వచ్చారు. అమెరికాకు చెందిన జాన్ హ్యూస్టన్. "ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్" అనే సినిమా కోసం వచ్చారు. న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల వాళ్ళు రాయ్ సినిమా ఎలా ఉందో చూసి చెప్పమని ఆయనను కోరారు. శబ్దం లేని ఇరవై నిమిషాల ముక్క చూసి బాగుందని చెప్పారు. 1955 మేలో న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన జరిగింది, ఆగస్టులో కలకత్తాలో విడుదలైంది, మరుసటి ఏడు కాన్స్‌లో బహుమతి వచ్చింది. హ్యూస్టన్ సినిమా సంగతి చెప్తే మీరు నవ్వుతారు. ఇండియాలో చోట్లు చూసి వెళ్ళిన ఆ సినిమా ఇరవై ఏళ్ళ తర్వాత, 1975లో వచ్చింది. తీసింది మొరాకోలో! ఎవరో తమ పని మీద వచ్చిన రెండు రెక్కీలు, 1949లో ఒకటి, 1954లో ఒకటి, ఈయన జీవితాన్ని మలుపు తిప్పాయి. మొదటిసారి తోడు వెళ్ళడానికి, రెండోసారి చూపించడానికి, చేతిలో ఏదో ఒకటి సిద్ధంగా ఉండబట్టి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ జల్‌సాఘర్‌ది. 1958లో వచ్చింది. తారాశంకర్ బందోపాధ్యాయ్ రాసిన కథ. ఆస్తి అంతా కరిగిపోతున్నా ఇంట్లో సంగీత కచేరీలు మానని ఒక జమీందారు. దానికి ఒక మేడ కావాలి. కాలికి దెబ్బ తగిలి కట్టుతో ఉన్న రోజుల్లో రాయ్ ఈ సినిమా సంకల్పించారు. ముప్ఫై దాకా మేడలు చూశారట. ఒకటి మరీ కొత్తగా ఉంది, ఒకటి మరీ కూలిపోయింది, ఒకదాని చుట్టూ ఊరు పెరిగిపోయింది. విసిగిపోయి ముర్షిదాబాద్ జిల్లా లాల్‌గోలాలో ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. పక్కనున్న ముసలాయన ఎవరో మాటలు కలిపి, నిమ్‌తీతాలో చౌధురీల మేడ చూశారా అని అడిగాడు. చూడలేదు. పేరు కూడా వినలేదు.

వెళ్ళి చూస్తే పద్మా నది ఒడ్డున స్తంభాల మేడ ఒంటరిగా నిలబడి ఉంది. నది ఒడ్డును కోసుకుంటూ వచ్చి, భూములన్నీ మింగి, మేడ ముందు దాకా వచ్చి ఆగింది. ఆనకట్ట పనులు చేసిన మిత్రులకు ఆ దృశ్యం నేను వర్ణించనక్కర్లేదు. కథలోనూ అంతే, జమీందారు భూముల్ని నది తినేస్తుంది.

రాయ్ కలకత్తా వచ్చి రచయితకు చెప్పారు, మేడ దొరికిందని. ఎక్కడని అడిగితే నిమ్‌తీతా అన్నారు. తారాశంకర్ ఆశ్చర్యపోయారు. ఆయన ఆ మేడ ఎన్నడూ చూడలేదు. కానీ జమీందారీల చరిత్ర చెప్పే ఒక పుస్తకంలో ఆ వంశానికి చెందిన ఉపేంద్రనారాయణ్ చౌధురీ సంగీత పిచ్చి గురించి చదివి, ఆయన్ని మనసులో పెట్టుకునే ఈ కథ రాశారట! రచయిత కాగితం మీద కల్పించిన మనిషి ఇంటికి, దర్శకుడు టీ కొట్టు ముసలాయన చెప్పిన దారిన చేరాడు. ఇది యాదృచ్ఛికం అని కొట్టిపారేయొచ్చు. నేను అలా అనను. ముప్ఫై మేడలు చూసినవాడికి ఏది కాదో తెలిసిపోతుంది. ఏది కాదో ముప్ఫై సార్లు తెలిశాక మిగిలేవి చాలా తక్కువ. ఇక ఆ ముసలాయన ఎవరో ఎవరికీ తెలీదు. మా తుమ్మచెట్టు తాతలాగే.

అంత కష్టపడి దొరికిన మేడలో కచేరీ గది మాత్రం అనుకున్నట్టు లేదు. ఆ గదిని బన్సీ స్టూడియోలో కట్టారు. చోటు దొరికింది కదా అని అందులో ఉన్నదంతా వాడుకోవాలన్న మొండితనం రాయ్‌కి లేదు. చోటు మీద ప్రేమ వేరు, పని వేరు. తర్వాత దేవి, సమాప్తి సినిమాలకు మళ్ళీ ఆ నిమ్‌తీతాకే వెళ్ళారు. ఒక్కసారి తెలుసుకున్న చోటును మూడు సినిమాలకు వాడటం, సొంత డబ్బు లేనివాడి తెలివి.

ఇలాంటి పని ఇంకొకటి. అపరాజితోకి కాశీలో తిరిగారు. తెల్లవారుజామున ఘాట్ల మీదికి వెళ్ళి, ఏ గంటకు ఎవరొస్తారు, వెలుగు ఎటునుంచి పడుతుంది అని డైరీ రాసుకున్నారు. బయటి దృశ్యాలు అక్కడే తీశారు. అపూ వాళ్ళ ఇంటి నడవా మాత్రం కలకత్తా స్టూడియోలో కట్టాల్సి వచ్చింది. కాశీ ఇళ్ళలో నాలుగువైపులా గోడలు, నడిమధ్య నడవా, పైన ఆకాశం. వెలుగు పైనుంచి దిగుతుంది, నీడలు పడవు. స్టూడియో దీపాలు పెడితే ప్రతి మనిషికీ మూడు నీడలు. సుబ్రత మిత్రా సెట్టు పైన తెల్లటి గుడ్డ కట్టి, దీపాల వెలుగును దాని మీదికి కొట్టించి, అక్కడి నుంచి మెత్తగా కిందికి దిగేలా చేశాడు. చోటును బాగా చూసినవాడికి అది లేకపోయినా దాని వెలుగును తయారు చేయడం వచ్చింది. ఒక కుర్రాడు చేసిన పని.

కాంచన్‌జంఘా 1962లో డార్జిలింగ్‌లో తీశారు. అక్కడ ఎండ ఎప్పుడుంటుందో మంచు ఎప్పుడు కమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. ఎండ వస్తే ఒక సన్నివేశం, మంచు దిగితే ఇంకొకటి, రెండూ సిద్ధంగా పెట్టుకుని నెల లోపే ముగించారు. వాన పడితే పని ఆపి టెంటులో పేకాడే మా సైటు సిబ్బందికి ఈ కథ చాలాసార్లు చెప్పాను. ఫలితం లేదు.

మరి ఇల్లు ఎలా గడిచింది? ఇది అడగాల్సిన ప్రశ్న. సినిమాకు ఆయన స్క్రిప్టు తానే రాశారు, పాత్రలకు దుస్తులు తానే గీశారు, పోస్టర్లు తానే వేశారు, 1961 నుంచి సంగీతం తానే చేశారు, తర్వాత కెమెరా కూడా తానే పట్టారు. కొట్లలో పద్దులు రాసే ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాలు ఉంటాయే, వాటిలోనే ఆయన స్క్రిప్టులు, బొమ్మలు. దీన్ని బహుముఖ ప్రజ్ఞ అంటాం. ప్రజ్ఞ ఉంది, కాదనను. కానీ అది పొదుపు కూడా. ఒక్కొక్క పని తన చేతిలోకి వచ్చిన కొద్దీ సినిమా ఖర్చు తగ్గింది. ఖర్చు తగ్గిన కొద్దీ డబ్బు పెట్టేవాడి మాట వినాల్సిన అవసరం తగ్గింది. ఆయన స్వతంత్రం లెక్క ఇదే.

అయినా సినిమాలు ఆయనను పోషించలేదు. పోషించింది పిల్లల పుస్తకాలు. 1961లో తాత స్థాపించిన సందేశ్ పత్రికను మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. దాన్ని నింపడానికి కథలు రాయడం మొదలై, 1965లో డిటెక్టివ్ ఫేలూదా పుట్టాడు. ఆ పుస్తకాల రాబడే తన ఇల్లు నడిపిందని ఆయన దాచుకోకుండా చెప్పేవారు. కాబట్టి రేపు మీ అమ్మాయో అబ్బాయో నేను సినిమాలు తీస్తానంటే, "ముందు ఇంజనీరింగ్ చెయ్, తర్వాత నీ ఇష్టం" అని మన ఇళ్ళలో చెప్పే మాట చెప్పకండి. నాలుగేళ్ళు పోతాయి, పైగా చెడ్డ ఇంజనీర్లు తయారవుతారు, నష్టం మాకు. "నీ ప్రతిభే నిన్ను కాపాడుతుంది" అని కూడా చెప్పకండి. సినిమా కాకుండా ఇంకేం చేతనవును, దాన్ని నెలకు ఎంతకు అమ్ముకోగలవు అని అడగండి. బొమ్మా, అనువాదమా, ఎడిటింగా, ఇతరుల సినిమాలకు చోట్లు వెతికిపెట్టడమా. ఆ చివరిది ఇప్పుడు మన పరిశ్రమలో జీతం వచ్చే పనే.

ఆ దారి మన దాకా రాలేదని అనుకోకండి. బెంగాల్ నుంచి మృణాల్ సేన్ వచ్చి 1977లో తెలుగులో "ఒక ఊరి కథ" తీశారు. 1979లో గౌతమ్ ఘోష్ తన మొదటి కథాచిత్రం "మా భూమి"ని తెలంగాణలో తీశారు, నిర్మాత మన బి. నర్సింగరావు. ఇటీవల 2018లో వెంకటేశ్ మహా "కేరాఫ్ కంచరపాలెం" తీశారు. విశాఖలో ఆ పేట మనుషులే నటులు, ఆ పేట వీధులే సెట్టు. అది చూసి వచ్చాక మా ఆవిడ, "ఇందులో ఎవరూ నటించలేదేమిటండీ" అంది. అంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన సంగతి. నేనూ సినిమా మనిషీ ఒకే చోటికి వెళ్తాం, ఒకేలా నడుస్తాం, ఒకే ముసలాయనను అడుగుతాం. తర్వాత అతను ఆ చోటును ఉన్నదున్నట్టు పట్టుకుంటాడు. నేను దాన్ని మారుస్తాను. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పోయే చెట్లకు సున్నం పూసి అంకెలు వేస్తాం, మీరంతా చూసే ఉంటారు. రోడ్డు కావాలి. అంబులెన్సులో పడుకున్నవాడికి చింతచెట్టు నీడ అక్కర్లేదు, అందులో నాకు సందేహం లేదు. కానీ బోడాల్ ఇప్పుడు పల్లె కాదు, మహానగరంలో కలిసిపోయింది. ఆ వెదురు పొదలు, ఆ చెరువు, ఆ వానలో తడిసే తామరాకులు ఇవాళ ఉన్నది ఆ సినిమాలోనే. రాయ్ అక్కడికి వెళ్ళింది చరిత్ర భద్రపరచడానికి కాదు, కథ చెప్పడానికి. భద్రపడింది.

కెమెరా కూడా అమాయకమైనది కాదులెండి. 1974లో సోనార్ కెల్లా జైసల్మేర్ కోటలో తీశారు. పసుపు రాతి కోట, లోపల ఇప్పటికీ సంసారాలున్నాయి. ఆ సినిమా చూసి బెంగాలీలు తండోపతండాలుగా జైసల్మేర్ వెళ్ళడం మొదలెట్టారు, ఇంకా వెళ్తున్నారు. ఊరికి అన్నం దొరికింది. కానీ చుక్క నీటిని లెక్కపెట్టుకుని బతికిన ఎడారి కోటలోకి కొళాయిలొచ్చాయి, లాడ్జీలొచ్చాయి, వాడిన నీరు కొండ పొరల్లోకి దిగింది, కొన్ని బురుజులు కూలాయి. అది రాయ్ చేసిన పని అనడం అన్యాయం. మురుగు కాలువల లెక్క వేయనివాళ్ళు చేసిన పని, అంటే మా వృత్తి వాళ్ళు.

1983లో రాయ్‌కి గుండెపోటు వచ్చింది. తర్వాత డాక్టర్లు బయట షూటింగులు వద్దన్నారు. ముప్ఫై మేడలు చూసిన మనిషిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టారు. కొన్నేళ్ళ తర్వాత, 1989లో గణశత్రు తీశారు. ఇబ్సెన్ నాటకం ఆధారం. దాదాపు అంతా గదుల్లోనే. ఆయన సినిమాల్లో అది గొప్పది కాదని విమర్శకులంటారు, నిజమే కావచ్చు. నాకు మాత్రం అది దగ్గరి సినిమా. గుడిలో తీర్థం తాగినవాళ్ళకు జబ్బులొస్తుంటే ఒక డాక్టరు కారణం కనిపెడతాడు. భూమిలో పైపులు సరిగ్గా వేయకపోవడం వల్ల మురుగు నీరు మంచి నీటిలో కలుస్తోంది. ఊరు వినదు. సినిమా అంతా జరిగేది గదిలో, కథ నడిపేది ఎవరికీ కనపడని ఆ పైపు. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు దాన్ని చూపించాను.

చివరి సినిమా 1991 నాటి ఆగంతుక్. అది కూడా ఎక్కువగా గదిలోనే. చివరికొచ్చేసరికి మాత్రం శాంతినికేతన్ వైపు బయటికి వెళ్తారు, ఎండలో సంతాల్ స్త్రీలు వరసగా చేతులు పట్టుకుని నాట్యం చేస్తారు. ఆ మరుసటి ఏప్రిల్లో ఆయన పోయారు.

నేను పథేర్ పాంచాలీ మొదటిసారి చూసింది మన బడి రోజుల్లోనే, దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ చిత్రాల్లో, మన సోషల్ మాస్టారి ఇంట్లో. మధ్యలో కరెంటు పోయింది. రైలు చూడలేదు. మాస్టారు ఆ తర్వాతి కథ నోటితో చెప్పారు, ఇవాళ ఈ సభలో ఉన్నారు కాబట్టి అబద్ధమైతే ఖండిస్తారు.

భోజనాలయ్యాక మూడు గంటలకు పై అంతస్తు హాల్లో ఆ సినిమా వేస్తున్నాం. రెండు గంటలు. 1993లో లండన్ లేబొరేటరీ అగ్నిప్రమాదంలో నెగటివ్‌లు కాలిపోతే, మిగిలినవి అతికించి 2015లో పునరుద్ధరించిన ప్రతి ఇది. కింద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదవలేని చిన్న పిల్లల పక్కన పెద్దవాళ్ళు ఎవరైనా కూర్చోండి. ముందు రెండు వరసలు పిల్లలకు వదిలేయండి. జెనరేటర్ మాట్లాడి పెట్టాం.